హాజరు సంఖ్య, ప్రవేశ సంఖ్య: యంత్రాల లోపలి పట్టికల కథ



భాషాప్రవీణ చదివి, పండిత శిక్షణ ముగించి, ముప్పదియేళ్ళకు పైగా అరకు లోయలోను ఆ చుట్టుపట్ల కొండ ఊళ్ళలోను తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకున్నవాడిని. ఛందస్సు మీదనో పదాల పుట్టుపూర్వోత్తరాల మీదనో రాయవలసిన నేను ఈసారి రౌటర్ల మీద రాస్తున్నానంటే మీకు నవ్వు రావచ్చు. మీలో సగంమంది ఆ విద్యలో ఆరితేరినవారు. పొరపాట్లు కనిపిస్తే మొహమాటం లేకుండా దిద్దగలరు.

దీనికి కారణం నా శిష్యురాలు. అరకుకు కొద్ది దూరంలోని ఊరిలో పుట్టి, మా బడిలో చదివి, ఇప్పుడు హైదరాబాదులో ఒక సాఫ్టువేరు సంస్థలో పనిచేస్తున్నది. వేర్వేరు సంస్థలు తయారుచేసిన రౌటర్లను, స్విచ్‌లను ఒకే పద్ధతిలో పలకరించడానికి ప్రోగ్రామర్లకు ఉపకరించే ఒక లైబ్రరీని ఆమె రాస్తున్నది. సెలవుకు వచ్చినప్పుడు మా అరుగు మీద కూర్చుని, "మాస్టారూ, అమరకోశాన్ని వర్గాలుగా ఎందుకు కట్టారు? శబ్దరత్నాకరాన్ని అకారాదిగా ఎందుకు కట్టారు? ఏది మేలు?" అని అడిగింది.

"నీకెందుకమ్మా ఆ గొడవ?" అన్నాను.

"నా పనంతా అదే మాస్టారూ. యంత్రం చెప్పే సంగతులను లోపల ఎలా పేర్చి పెట్టుకోవాలో తేలక నెల రోజులుగా కొట్టుకుంటున్నాను" అన్నది.

ఆ సాయంకాలం నేను ఆమెకు నిఘంటువుల సంగతి చెప్పాను, ఆమె నాకు యంత్రాల సంగతి చెప్పింది. తరువాత కొన్ని నెలలు నేనూ చదువుకున్నాను. చదివినకొద్దీ, ఎన్నడో నా చేతుల మీదుగా జరిగిన ఒక అపచారం గుర్తుకు వచ్చి నిద్ర పట్టలేదు. ఈ వ్యాసం ఆ రెంటినీ కలిపి చెప్పే ప్రయత్నం.

* * *

ముందు నిఘంటువుల మాట. అమరకోశం మూడు కాండలు. స్వర్గవర్గంతో మొదలై వ్యోమ, దిక్, కాల వర్గాల మీదుగా పాతాళానికి దిగి, రెండవ కాండలో భూమి, పురము, శైలము, వనౌషధులు ఇలా సాగుతుంది. ఇది కంఠస్థం చేసేవాడి కోసం కట్టిన అమరిక. కొండకు పర్యాయపదం కావాలంటే శైలవర్గానికి పోవాలి. అంటే వస్తువు ఏ జాతిదో ముందుగా తెలిసి ఉండాలి. తెలుగులో పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహమూ దేవ, మానవ, స్థావర, తిర్యక్, నానార్థ వర్గాలతో ఈ దారినే నడిచింది.

అయితే అమరసింహుడు మూడవ కాండలోని నానార్థవర్గానికి వచ్చేసరికి పద్ధతి మార్చాడు. అక్కడ ఒకే మాటకు పలు అర్థాలు. జాతిని బట్టి వర్గీకరిస్తే మాట నాలుగు చోట్ల పడుతుంది. అందుచేత చివరి హల్లును బట్టి కాంతాలు, ఖాంతాలు, గాంతాలు అని పేర్చాడు. ప్రశ్న మారితే పేర్పు మారాలని ఆయనకు తెలుసు. 1885లో వచ్చిన బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరం అచ్చుపుస్తకాన్ని చేతిలో పట్టుకుని వెతికేవాడి కోసం కట్టినది. మాట ఏ జాతిదో తెలియనక్కరలేదు, అక్షరాలు తెలిస్తే చాలు.

"అయితే ఏది మేలో చెప్పడానికి, ఏమి వెతుకుతామో ముందు తేలాలన్నమాట" అన్నది అమ్మాయి. అవునన్నాను. యంత్రాల చరిత్ర కూడా ఈ ఒక్క మాట చుట్టూనే తిరిగిందని తరువాత తెలిసింది.

* * *

అంతర్జాలానికి పూర్వరూపమైన ఆర్పానెట్‌లో మొదటి సందేశం 1969 అక్టోబరు 29న లాస్ ఏంజిలస్ నుండి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు పోయింది. మధ్యలో ఉండి పొట్లాలను అందుకుని పంపే యంత్రాన్ని ఇంప్ అనేవారు. బి.బి.ఎన్. సంస్థవారు హనీవెల్ 516 అనే కంప్యూటరును మార్చి దానిని తయారుచేశారు. దాని జ్ఞాపకశక్తి 16 బిట్ల మాటలు 12 వేలు, అంటే 24 కిలోబైట్లు. యూనికోడ్ తెలుగులో ఒక్కొక్క సంకేతానికి సాధారణంగా మూడు బైట్లు పడుతుంది కనుక, మీరు చదువుతున్న ఈ టపా మొత్తం ఆ యంత్రంలో పట్టదు. అంత ఇరుకులో ప్రోగ్రాము ఉండాలి, దారుల పట్టిక ఉండాలి, వచ్చిపోయే పొట్లాలకు తావూ ఉండాలి. అందుకని జాగాను సమానమైన గదులుగా కోసి, ఖాళీ గదులను ఒక గొలుసుగా, పంపవలసినవాటిని మరొక గొలుసుగా కట్టారు. పొట్లం ఒక వరుస నుండి మరొక వరుసకు మారినప్పుడు లోపలి సరుకు కదలదు, గొలుసు కొక్కెం మాత్రం మారుతుంది.

1983లో బర్క్లీ విశ్వవిద్యాలయం వెలువరించిన 4.2 బి.ఎస్.డి. యూనిక్సులో ఈ ఆలోచన ఎంబఫ్ అనే రూపం దాల్చింది. ఒక్కొక్క ఎంబఫ్ 128 బైట్లు, అందులో సరుకుకు దక్కేది 112. పెద్ద సందేశాన్ని ఇటువంటి చిన్న ముక్కల గొలుసుగా ఉంచుతారు. ముందు ఒక శీర్షిక తగిలించవలసి వస్తే మరొక ముక్కను ముందు కలుపుతారు, ఉన్నదానిని జరపనక్కరలేదు.

అమ్మాయి ఇది చెబుతూ ఉంటే నాకు మా సంతలో కట్టలు కట్టి అమ్మే అడ్డాకులు గుర్తుకు వచ్చాయి. అడ్డాకు చిన్నది. నాలుగైదు ఆకులను పుల్లలతో కుడితే విస్తరి అవుతుంది. భోక్త పెద్దవాడైతే మరొక ఆకు కుట్టవచ్చు. ఆకు వృథా కాదు. కాని పప్పుచారు పోస్తే అతుకుల దగ్గర జాగ్రత్త పడాలి. తరువాత వచ్చిన లినక్సు వారు దాదాపు అరటాకు దారి పట్టారు. ఎస్.కె.బఫ్ అనే వారి నిర్మాణంలో సందేశానికి ప్రధానంగా ఒకే పొడవైన జాగా ఇస్తారు. తగిలించబోయే శీర్షికల కోసం ముందు వైపు కొంత ఖాళీ వదలుతారు. అతుకులు లేవు, చదవడం తేలిక. కాని ఎంత ఖాళీ వదలాలో ముందే ఊహించుకోవాలి, ఊహ తప్పితే మొత్తాన్ని మరొక ఆకులోకి మార్చవలసి ఉంటుంది. జ్ఞాపకశక్తి ప్రియమైన రోజులలో అడ్డాకు, అది చవక అయిన రోజులలో అరటాకు. రెండూ తమ తమ కాలాలకు తగినవే.

* * *

ఇక దారుల పట్టిక. పొట్లం మీది చిరునామాను చూసి ఏ తీగ మీద పంపాలో తేల్చుకోవడం రౌటరు పని. బర్క్లీవారి తొలి పద్ధతిలో గమ్యాలను గుర్తును బట్టి డబ్బాలలో వేసి వెతికేవారు. చిరునామాలు రెండు మూడు కచ్చితమైన తరగతులుగా ఉన్నంతకాలం అది నడిచింది. నెట్‌వర్కులు పెరిగి, చిరునామాలో ఎన్ని అంకెలు ఊరివి, ఎన్ని ఇంటివి అన్న హద్దు ఎక్కడైనా పడవచ్చునన్న ఏర్పాటు రావడంతో డబ్బాలు పనికిరాలేదు. 1990 నాటి 4.3 బి.ఎస్.డి. రెనోలో కీత్ స్క్లోవర్ రాసిన చెట్టు ఆ తావును ఆక్రమించింది. 1968లో డొనాల్డ్ మారిసన్ ప్రతిపాదించిన పెట్రీషియా అనే వృక్షం దానికి పూర్వికురాలు. చిరునామాలోని బిట్లను ఒక్కొక్కటిగా చూస్తూ, సున్న అయితే ఎడమ కొమ్మకు, ఒకటి అయితే కుడి కొమ్మకు దిగుతూ, దొరికిన వాటిలో మిక్కిలి పొడవుగా సరిపోలిన దారిని ఎంచుకుంటారు. 1993లో తరగతులు లేని చిరునామాల పద్ధతి ప్రమాణమయ్యాక ఈ చెట్టు లేకుండా గడవలేదు. నేడు అంతర్జాలపు నడిబొడ్డున ఉన్న రౌటర్లు తొమ్మిది లక్షలకు మించిన దారులను మోస్తున్నాయి.

మిక్కిలి పొడవైన సామ్యం అంటే ఏమిటో అరకువాళ్ళకు చెప్పడం తేలిక. మా పిన్‌కోడ్ 531149. మొదటి 5 చూడగానే ఉత్తరం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకల వైపు కదులుతుంది. 53 అనగానే గోదావరి జిల్లాల నుండి ఉత్తరాంధ్ర దాకా ఉన్న సీమ. 531 అంటే విశాఖ చుట్టుపక్కలి గ్రామసీమ, నగరానికి 530. ఆరు అంకెలూ చూస్తే అరకు. ఢిల్లీలో ఉత్తరాలు వేరుచేసేవాడికి అరకు ఎక్కడుందో తెలియనక్కరలేదు, 5 తెలిస్తే చాలు. 1972 ఆగస్టు 15న మొదలైన ఈ ఏర్పాటుకు రూపశిల్పి శ్రీరామ్ భికాజీ వేలణ్‌కర్. కేంద్ర సమాచార శాఖలో అధికారి, సంస్కృత కవి. ఆ సంగతి చదివినప్పుడు పండితుడిగా నాకు కొంచెం గర్వం కలిగిన మాట నిజం.

వ్యాకరణం చదివినవారికి ఇందులో కొత్త ఏమీ లేదు. సామాన్యవిధి అంతటా చెల్లుతుంది. దాని పరిధిలోనే ఒక విశేషవిధి ఉంటే అక్కడ విశేషవిధిదే పైచేయి. పాణినీయులు ఉత్సర్గం, అపవాదం అన్నది దీనినే. రౌటరులో ఏ దారీ సరిపోలనప్పుడు వాడే దారి అతిసామాన్యమైన ఉత్సర్గం. అంతకంతకు పొడవైన చిరునామాలు దానికి అపవాదాలు. ఈ మాట చెప్పగానే అమ్మాయి తన పుస్తకంలో రాసుకుంది.

ఇక్కడ గమనించవలసినది మరొకటి ఉన్నది. 2014లో రాష్ట్రం రెండయింది. 2022 ఏప్రిల్ 4న మేము విశాఖపట్నం జిల్లాను వదలి, పాడేరు ముఖ్యపట్టణంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వచ్చాము. బడి బోర్డులు, కాగితాల మీది ముద్రలు మారాయి. 531149 మారలేదు. పాలన కోసం కట్టిన చెట్టు వేరు, ఉత్తరం చేర్చడానికి కట్టిన చెట్టు వేరు. ఒకటి కదిలితే మరొకటి కదలనక్కరలేదు.

* * *

ఇప్పుడు నా అపచారానికి దగ్గరగా వచ్చే భాగం.

యంత్రం తన పని తాను చేసుకుంటే చాలదు. ఎన్ని తీగలు ఉన్నాయి, ఏది నడుస్తున్నది, ఏది పడిపోయింది అని అడిగితే చెప్పాలి. 1988లో ఇందుకోసం ఎస్.ఎన్.ఎం.పి. అనే మర్యాద ఏర్పడింది. యంత్రం చెప్పగల సంగతులన్నిటినీ ఒక మహావృక్షంగా ఊహించి, ప్రతి కొమ్మకు ఒక సంఖ్య ఇచ్చారు. ప్రమాణమైన సంగతులు 1.3.6.1.2.1 అనే కొమ్మ కింద ఉంటాయి. అందులో తీగల పట్టిక ఉన్నది. మూడవ తీగ మీద ఎన్ని బైట్లు లోపలికి వచ్చాయో తెలియాలంటే 1.3.6.1.2.1.2.2.1.10.3 అని అడగాలి. చివరి 3 తీగ సంఖ్య, దాని ముందరి 10 "వచ్చిన బైట్లు" అనే నిలువు గడి.

అడిగేవాడికి చెట్టంతా తెలియనక్కరలేదు. "దీని తరువాతిది ఏది?" అని అడుగుతూ పోతే యంత్రం వరుసగా చెబుతుంది. అకారాది నిఘంటువులో పుట తిప్పినట్టే. అయితే ఇందులో రెండు గోతులు ఉన్నాయని అమ్మాయి చెప్పింది. ఒకటి, ఈ వరుసలో సంఖ్యలను సంఖ్యలుగానే పోల్చాలి. అక్షరాలుగా పోల్చే లైబ్రరీ 2 కంటె 10ని ముందు పెట్టి తప్పుతుంది. రెండు, ఇలా నడిస్తే పట్టిక అడ్డంగా రాదు, నిలువుగా వస్తుంది. ముందు అందరి పేర్లు, తరువాత అందరి వేగాలు, ఆ తరువాత అందరి స్థితులు. మనకు కావలసినది ఒక్కొక్క తీగ గురించి ఒక్కొక్క అడ్డుగీత. కనుక లైబ్రరీ లోపల దానిని తిప్పి కట్టుకోవాలి. అలా కట్టేటప్పుడు "అయిదవ పేరుకు అయిదవ వేగం" అని వరుసను నమ్మితే, అడుగుతున్న వేళ మధ్యలో ఒక కొత్త తీగ వచ్చి చేరినా, ఉన్నది ఊడినా, అక్కడి నుండి అన్నీ ఒకరివి ఒకరికి అంటుకుంటాయి. కనుక వరుసను కాక చివరి సంఖ్యను పట్టుకుని కలపాలి.

"సరే, సంఖ్యను నమ్మితే చాలు కదా?" అన్నాను.

"అసలు గొయ్యి అక్కడే మాస్టారూ" అన్నది. 1991 నాటి ప్రమాణంలో ఆ తీగ సంఖ్య గురించి ఒక వాక్యం ఉన్నది. యంత్రం తన నిర్వహణ వ్యవస్థను ఒకసారి ఆరంభించుకున్నది మొదలు మళ్ళీ ఆరంభించుకునే దాకా మాత్రమే ఆ సంఖ్య నిలకడగా ఉండాలని దాని తాత్పర్యం. అంటే కరెంటు పోయి వచ్చాక నిన్నటి 3 నేడు 4 కావచ్చు. ప్రమాణం అంతకు మించి మాట ఇవ్వలేదు. తయారీదారు తప్పు చేసినట్టూ కాదు. వినేవాడే ఇవ్వని మాటను ఇచ్చినట్టు అనుకున్నాడు.

1995లో వచ్చి లోకమంతా వాడిన ఎం.ఆర్.టి.జి. అనే పటాల పరికరంలో కూడా, వేరే చెప్పకపోతే తీగను సంఖ్యతోనే గుర్తుంచుకోవడం రివాజు. అలా కాకుండా పేరుతోనో, వర్ణనతోనో, చిరునామాతోనో గుర్తుంచుకోమని చెప్పే వీలు కూడా కల్పించారు. 1997 నాటి సవరించిన ప్రమాణంలో ప్రతి తీగకు నిర్వాహకుడు తానే ఒక పేరు పెట్టుకోవడానికి వేరే గది చేర్చి, యంత్రం పడి లేచినా ఆ పేరు చెరగరాదని నియమం పెట్టారు.

మా కొండలలో కరెంటు ఎన్నిసార్లు పోతుందో మీకు చెప్పనక్కరలేదు. గాలివాన వస్తే తీగ తెగుతుంది, చెట్టు కూలుతుంది. 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ తుపానును చూసినవాళ్ళం. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఫైబర్ గ్రిడ్ తీగలు విద్యుత్ స్తంభాల మీదుగానే సాగాయి. ఇటువంటి చోట ఉన్న యంత్రాలు మాటిమాటికి పడి లేస్తాయి. లేచినప్పుడల్లా సంఖ్యలు తారుమారైతే, ఒక ఊరి తీగ పడిపోతే పై ఊరిది పడిందని పట్టిక చెబుతుంది. బాగుచేసేవాడు జీపెక్కి ఘాట్ దారిలో తప్పు ఊరికి పోతాడు. తీగ తెగిన ఊరివాళ్ళు మరొక రోజు కాచుకుంటారు.

* * *

ఇది వినగానే నేను చాలాసేపు మాట్లాడలేదు. ఆమె కాఫీ చల్లారిందని గుర్తుచేసింది.

1990ల మొదట్లో నేను పనిచేసిన ఒక ఆశ్రమ పాఠశాలలో ఏడవ తరగతి నా చేతిలో ఉండేది. మా కొండలలో పుట్టిన వారాన్ని బట్టి పేరు పెట్టే ఆచారం చాలా ఊళ్ళలో ఉన్నది. సోమ్రా, మంగ్లా, బుద్రా, సుక్రా వంటి పేర్లు అలా వచ్చినవే. ఇంటిపేర్లు గోత్రాలను బట్టి కొన్నే. కిల్లో అంటే పులి, కొర్రా అంటే సూర్యుడు. కనుక ఇంటిపేరూ పేరూ రెండూ ఒక్కటైన పిల్లలు ఒకే తరగతిలో ఉండటం వింత కాదు. ఆ ఏడాది నాకు అటువంటి వారు ఇద్దరు, బుధవారం పిల్లలు. ఒకడు పొడగరి, ఒకడు పొట్టివాడు.

బడిలో రెండు పుస్తకాలు ఉంటాయి. ఒకటి ప్రవేశ పట్టిక. పిల్లవాడు చేరిన నాడు ఒక సంఖ్య పడుతుంది. తండ్రి పేరు, ఊరు, పుట్టిన తేదీ దాని ఎదుట ఉంటాయి. వాడు బడి మానినా ఆ సంఖ్య మరొకరికి పోదు. రెండవది హాజరు పట్టీ. అందులోని సంఖ్య రోజూ పిలుచుకోవడానికి మాత్రమే.

పరీక్షలకు ముందు నా చేతిపుస్తకంలో హాల్ టిక్కెట్ల ఎదుట హాజరు సంఖ్యలు రాసుకున్నాను. చేతికి అందేది హాజరు పట్టీ, ప్రవేశ పట్టిక బీరువాలో ఉండేది. పరీక్షలు అయిన తరువాత తనిఖీ వస్తున్నదని తెలిసి, అప్పటిదాకా చేరిన క్రమంలో ఉన్న హాజరు పట్టీని ముచ్చటగా అక్షరక్రమంలో తిరగరాశాను. పండితుడిని, అకారాది క్రమం మీద మోజు. అందరి సంఖ్యలూ మారాయి. పేరు ఒక్కటే అయిన ఆ ఇద్దరిలో పాత పట్టీలో ముందున్న పొడగరి కొత్తదానిలో వెనకకు పోయాడు. అక్షరక్రమం ఇద్దరినీ సమానంగానే చూసింది, చేతికి వచ్చినట్టు రాశాను. సమానమైనవి ఎదురైనప్పుడు పాత వరుసను చెడగొట్టని పేర్పు పద్ధతులు మీ విద్యలో వేరే ఉన్నాయని అమ్మాయి ఇప్పుడు చెప్పింది.

ఫలితాలు వచ్చాయి. తక్కిన పిల్లల విషయంలో సంఖ్య తప్పినా పేరు పట్టి ఇచ్చింది, దిద్దుకున్నాను. ఈ ఇద్దరి దగ్గరకు వచ్చేసరికి, "ముందున్నవాడు తప్పాడు, వెనకవాడు నెగ్గాడు" అని నా చేతిపుస్తకం చెప్పిన మాటను కొత్త పట్టీలో చూశాను. పొట్టివాడిని పిలిచి నీవు తప్పావురా అన్నాను. వాడు నా ముఖం చూశాడు, ఏమీ అనలేదు. ఆ మధ్యాహ్నమే పెట్టె సర్దుకుని ఊరికి పోయాడు.

దసరా ముందు పొడగరి తండ్రి ఏదో ధ్రువపత్రం కోసం వచ్చినప్పుడు, తండ్రి పేరు కోసం ప్రవేశ పట్టిక తీసి హాల్ టిక్కెట్టుతో సరిచూడగా గుట్టు బయటపడింది. కాగితాలు సరిచేశాము. నేనే నడిచి పొట్టివాడి ఊరికి పోయాను. వాడు కాఫీ తోటల పనిలో కుదిరి ఉన్నాడు. "నెగ్గావురా, రా" అన్నాను. కూలి డబ్బులు ఇంట్లో అప్పటికే లెక్కలోకి వచ్చేశాయి. తండ్రి తల అడ్డంగా ఊపాడు. వాడు మళ్ళీ బడికి రాలేదు. ఆ తప్పు నాదే. తనిఖీది కాదు, వాడి పేరుది అంతకన్నా కాదు. ఆ పూటకు మాత్రమే చెల్లే సంఖ్యను ఎల్లకాలం చెల్లే గుర్తుగా నేను వాడుకున్నాను.

* * *

ఆ మాట చెప్పాక అమ్మాయి తన లైబ్రరీ అమరికను కాగితం మీద గీసి చూపింది. లోపలి పట్టికకు తాళపుచెవిగా తీగ పేరునూ, యంత్రపు శాశ్వత గుర్తునూ కలిపి వాడుతుంది. తీగ సంఖ్య పక్కన ఒక చిన్న పట్టికలో ఉంటుంది. యంత్రం పడి లేచిందని తెలిసిన ప్రతిసారి దానిని చెరిపి మళ్ళీ రాస్తుంది. పడి లేచిందని ఎలా తెలుస్తుంది? యంత్రం తాను ఎంతసేపటి నుండి మేలుకుని ఉన్నదో సెకనులో నూరవ వంతుల లెక్కన చెబుతుంది. ఆ లెక్క వెనకకు పోతే లేచినట్టు. అయితే ఆ గడి 32 బిట్లది కనుక 497 రోజులకు నిండి సున్నకు వస్తుంది. దానిని చూసి పడి లేచిందని పొరబడరాదు. అదే రోగం బైట్ల లెక్కకూ ఉన్నది. సెకనుకు 100 మెగాబిట్ల తీగ నిండుగా పారితే 32 బిట్ల గడి ఆరు నిమిషాల లోపే నిండి మొదటికి వస్తుంది. అందుకే తరువాత 64 బిట్ల గడులు చేర్చారు.

ఇక సంస్థల మాండలికాలు. ఆ మహావృక్షంలోనే 1.3.6.1.4.1 కింద ప్రతి సంస్థకు సొంత కొమ్మ ఇచ్చారు. సిస్కోది 9, జునిపర్‌ది 2636. ఎవరి కొమ్మలో వారు తమకు తోచినట్టు పేర్లు పెట్టుకున్నారు. ఇది మనకు కొత్త కాదు. యూనికోడ్ స్థిరపడక ముందు ఒక్కొక్క తెలుగు పత్రిక తన సొంత ఫాంటును వాడేది. ఒకరి "క" మరొకరి దగ్గర ఏదో పిచ్చిగీత. అప్పుడు "పద్మ" వంటి పరికరాలు మనల్ని గట్టెక్కించాయి. పది ఫాంట్లను ఒకదాని నుండి మరొకదానికి నేరుగా మార్చాలంటే 90 పట్టికలు కావాలి. మధ్యలో అందరికీ ఉమ్మడి రూపం ఒకటి ఉంటే 20 చాలు. నెట్‌వర్కు లైబ్రరీలు కూడా ఈ దారినే వచ్చాయి. 2010లో ప్రమాణమైన యాంగ్ అనే వర్ణనభాష సంగతుల ఆకారాన్ని ముందుగా ఒప్పుకుని రాయడానికి పుట్టింది. నేపామ్ అనే పైథాన్ లైబ్రరీ ఏ సంస్థ యంత్రాన్ని అడిగినా తీగల వివరాన్ని ఒకే ఆకారంలో, తీగ పేరే తాళపుచెవిగా ఇస్తుంది.

ఆ ఆకారంలో నాకు బాగా నచ్చిన చిన్న గడి ఒకటి ఉన్నది. ఈ తీగ చివరిసారి ఎప్పుడు పడి లేచింది అన్న ప్రశ్నకు జవాబు తెలియకపోతే అక్కడ సున్న పెట్టరు, -1 పెడతారు. సున్న అంటే "ఇప్పుడే" అని ఎవరైనా అనుకోవచ్చు. తెలియనిదానిని తెలియదనే చెప్పడానికి ఒక గుర్తును లోపలి అమరికలోనే ముందుగా కట్టి ఉంచారు. ఆ మధ్యాహ్నం నా చేతిపుస్తకంలో, ఆ ఇద్దరి ఎదుట, "తేలలేదు, ప్రవేశ పట్టిక చూడాలి" అని రాసుకోవడానికి ఒక గడి ఉండి ఉంటే బాగుండేది.

2009లో ఆ పొట్టివాడి కూతురు మా బడిలో చేరింది. వాడే వెంటబెట్టుకుని వచ్చాడు. పాత సంగతి వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ప్రవేశ పట్టిక తెరచి సంఖ్య వేసి, ఊరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ రాసి, వాడి చేత చదివించి, సరిగా ఉన్నదా అని రెండుసార్లు అడిగాను. "ఉంది మాస్టారూ" అన్నాడు. ఆ రోజు నుండి నేను విరమించేదాకా, నా చేతిపుస్తకంలో ప్రతి పిల్లవాడి ఎదుట ముందు ప్రవేశ సంఖ్యే రాశాను.

మీ మీ పనులలో ఇటువంటి తాళపుచెవులను ఎలా ఎంచుకున్నారో, ఎక్కడ దెబ్బతిన్నారో చెబితే అమ్మాయికి ఉపకరిస్తుంది. ఆమె తన పట్టికను ఇంకా దిద్దుకుంటూనే ఉన్నది.